షేల్ గ్యాస్ పెట్టుబడులు: భయం ఎక్కడ, నష్టం ఎక్కడ?

2009 డిసెంబరులో ఎక్సాన్ మొబిల్ సంస్థ టెక్సస్‌కు చెందిన గ్యాస్ కంపెనీ ఎక్స్‌టీఓ ఎనర్జీని కొనబోతున్నట్టు ప్రకటించింది. అప్పులతో కలిపి ఒప్పందం విలువ సుమారు 4,100 కోట్ల డాలర్లు. ఒప్పంద పత్రంలోని ఒక షరతు అప్పట్లో చాలామంది దృష్టిలో పడింది. లావాదేవీ పూర్తయ్యేలోగా చట్టం మారి ఫ్రాకింగ్ (రాతిని ద్రవ ఒత్తిడితో చీల్చి గ్యాస్ తీసే పద్ధతి) నేరమైపోయినా, వాణిజ్యపరంగా గిట్టుబాటు కాకుండా పోయినా, ఎక్సాన్ ఈ కొనుగోలు నుంచి తప్పుకోవచ్చు. అదే ఏడాది జూన్‌లో అమెరికా కాంగ్రెస్ ముందుకు ఒక బిల్లు వచ్చింది. తాగునీటి రక్షణ చట్టం నుంచి ఫ్రాకింగ్‌కు 2005లో ఇచ్చిన మినహాయింపును తీసేయాలన్నది దాని సారం. ప్రపంచంలోని పెద్ద చమురు కంపెనీల్లో ఒకటి రాజకీయ ప్రమాదాన్ని ఒప్పందంలోనే రాసుకుందంటే, భయం ఊరికే పుట్టింది కాదు.

ఆ బిల్లు గట్టెక్కలేదు. 2010 జూన్‌లో కొనుగోలు పూర్తయింది. షరతు అవసరం ఎన్నడూ రాలేదు. కానీ గ్యాస్ ధర పడిపోయింది. 2020 చివరి త్రైమాసికంలో ఎక్సాన్ తన ఆస్తుల విలువను సుమారు 1,930 కోట్ల డాలర్ల మేర తగ్గించి రాసుకుంది. అందులో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా గ్యాస్ ఆస్తులదే, అంటే ఎక్స్‌టీఓ ద్వారా వచ్చినవి కూడా అందులో ఉన్నాయి. కాపలా పెట్టిన వాకిలి నుంచి కాకుండా ఇంకో వాకిలి నుంచి నష్టం వచ్చింది.

షేల్ గ్యాస్ విషయంలో మదుపరులు రాజకీయ, పర్యావరణ ప్రమాదాల గురించి పడే ఆందోళన ఎంతవరకు నిజమైన నష్టాలుగా తేలింది, ఏ దారిలో తేలింది అన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. అమెరికా, ఇంగ్లండ్, పోలండ్, అర్జెంటీనాల అనుభవాన్ని, ఒక భారతీయ మదుపరి లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పరిమితమైన సమాధానం దొరుకుతుంది.

ఆధారాలను చదివే పద్ధతి

ముందుగా ఒక హెచ్చరిక. ఒక కంపెనీ ఒక దేశం నుంచి వెళ్లిపోయినప్పుడు దానికి ఒకే కారణం ఉండదు. బావుల్లో ఆశించినంత గ్యాస్ పడలేదు, ధర బాగాలేదు, అనుమతులు ఆలస్యమయ్యాయి, ఊళ్లో వ్యతిరేకత ఉంది అన్నవి ఒకేసారి నిజం కావచ్చు. వాటిలో ఏది బయటికి చెప్పాలో కంపెనీ ఎంచుకుంటుంది. మళ్లీ ఆ ప్రభుత్వంతోనే పని పడుతుంది కాబట్టి రాజకీయాన్ని తక్కువ చేసి చెప్పవచ్చు. తన భూగర్భ అంచనా తప్పిందని ఒప్పుకోవడం ఇష్టం లేక ఎక్కువ చేసి కూడా చెప్పవచ్చు. కాబట్టి ప్రకటనల కన్నా తేదీలు, తీర్పులు, అమ్మకపు ధరలు నమ్మదగిన ఆధారాలు.

రెండో మాట సాంకేతికం. షేల్ అంటే బంకమన్ను పొరలు గట్టిపడి ఏర్పడిన రాయి. అందులో ఇరుక్కున్న గ్యాస్ దానంతటది బావిలోకి రాదు. రెండు మూడు కిలోమీటర్ల లోతుకు తవ్వి, అక్కడి నుంచి అడ్డంగా తొలుచుకుపోయి, నీళ్లు, ఇసుక, కొద్దిపాటి రసాయనాల మిశ్రమాన్ని తీవ్రమైన ఒత్తిడితో పంపి రాతిని చీల్చాలి. ఫ్రాకింగ్ అంటే ఇదే. పెన్సిల్వేనియాలో తొలి ఏళ్లలో ఒక్కో బావికి సుమారు 1.5 కోట్ల లీటర్ల నీరు పట్టేది. బావి ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోవడం మామూలు. ఉత్పత్తి నిలబెట్టుకోవాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి.

మదుపరికి ఇది ముఖ్యమైన సంగతి. పాత పద్ధతి గ్యాస్ క్షేత్రంలో ఒకసారి అనుమతి తెచ్చుకుని కొద్ది బావులతో దశాబ్దాలు నడపవచ్చు. షేల్‌లో అలా కుదరదు. ఏటేటా కొత్త స్థలాలు, కొత్త అనుమతులు, ఊరి రోడ్ల మీద కొత్తగా లారీలు కావాలి. అంటే స్థానిక సమ్మతి మొదట్లో ఒక్కసారి గెలుచుకుంటే సరిపోయేది కాదు, ప్రతి బావికీ మళ్లీ గెలుచుకోవలసినది. రాజకీయ ప్రమాదం ఈ పరిశ్రమ పని తీరులోనే ఉంది.

వాటాదారులు ఏం అడిగారు?

ఈ ఆందోళన బోర్డు సమావేశాలకు చేరింది 2010 ప్రాంతంలో. దానికి ముందు 2009 జనవరి 1న పెన్సిల్వేనియాలోని డిమొక్ గ్రామంలో ఒక ఇంటి నీటి బావి పేలింది. ఆ చుట్టుపక్కల బావుల్లోకి మీథేన్ చేరిందన్న వివాదం కాబట్ ఆయిల్ అండ్ గ్యాస్ కంపెనీ మెడకు చుట్టుకుంది. ఆ కంపెనీ తర్వాత కోటెరాగా మారింది. 2022 నవంబరులో అది అభియోగాన్ని ఎదిరించకుండా, గ్రామానికి నీటి పైపులైను కోసం 1.6 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుంది. సంఘటనకూ పరిష్కారానికీ మధ్య దాదాపు 14 ఏళ్లు గడిచాయి. అంత పెద్ద కంపెనీకి ఆ మొత్తం పెద్దది కాదు. కానీ అన్నేళ్లూ డిమొక్ పేరు ఫ్రాకింగ్ వ్యతిరేక ఉద్యమానికి చిరునామా అయింది.

2010 నుంచి వాటాదారుల బృందాలు కంపెనీల వార్షిక సమావేశాల్లో తీర్మానాలు పెట్టాయి. నీటిని ఎక్కడి నుంచి తెస్తున్నారు, ఏ రసాయనాలు వాడుతున్నారు, వ్యర్థ జలాన్ని ఏం చేస్తున్నారు, ఊళ్ల అభ్యంతరాలను ఎలా లెక్కలోకి తీసుకుంటున్నారు అన్నవి వారి ప్రశ్నలు. 2011లో ఇలాంటి తీర్మానానికి షెవ్రాన్‌లో సుమారు 40 శాతం, ఎక్సాన్ మొబిల్‌లో సుమారు 28 శాతం ఓట్లు పడ్డాయి. యాజమాన్యం వద్దన్న పర్యావరణ తీర్మానానికి అన్ని ఓట్లు ఆ రోజుల్లో అరుదు. పర్యావరణ లక్ష్యాలున్న చిన్న నిధులు మాత్రమే కాక, పెద్ద పెన్షన్ నిధులు కూడా అటు ఓటు వేస్తేనే ఆ స్థాయి వస్తుంది.

2013లో నాలుగు మదుపరుల సంస్థలు కలిసి 24 కంపెనీలకు 32 సూచికల మీద మార్కులు వేశాయి. అన్నిటికన్నా మెరుగ్గా నిలిచిన ఎన్‌కానా కూడా 32లో 14 విషయాల్లోనే సమాచారం బయటపెట్టింది. మరుసటి ఏడాది ఎక్సాన్ మొబిల్ ఫ్రాకింగ్ ప్రమాదాల మీద నివేదిక ఇస్తానని ఒప్పుకుంది, ప్రతిగా వాటాదారులు తమ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఇక్కడ గమనించదగింది, మదుపరులు అడిగింది తవ్వకం ఆపమని కాదు, కొలతలు చెప్పమని. కొలత లేని చోట ప్రమాదానికి ధర కట్టలేరు.

శాస్త్రీయ ఆధారాలు కూడా అటు ఇటు పూర్తిగా మొగ్గలేదు. డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం గ్యాస్ బావులకు కిలోమీటరు లోపున్న తాగునీటి బావుల్లో మీథేన్ ఎక్కువగా ఉందని చూపింది. అయితే ఫ్రాకింగ్ ద్రవాలు ఆ నీళ్లలో కలిసిన ఆధారం తమకు దొరకలేదని కూడా చెప్పింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016 తుది నివేదికలో, కొన్ని పరిస్థితుల్లో తాగునీటి వనరుల మీద ప్రభావం పడగలదని తేల్చింది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం అమెరికా చమురు, గ్యాస్ వ్యవస్థ నుంచి ఉత్పత్తిలో సుమారు 2.3 శాతం మీథేన్ లీకవుతోందని లెక్కగట్టింది. ప్రభుత్వ అంచనా కన్నా అది చాలా ఎక్కువ. బొగ్గు కన్నా గ్యాస్ వాతావరణానికి మేలన్న వాదన మీద పెట్టుబడి పెట్టినవారికి ఈ లీకేజీ నేరుగా తగిలే అంకె.

ఒకే రాయి, రెండు రాష్ట్రాలు

రాజకీయ ప్రమాదాన్ని విడిగా చూడటానికి మార్సెలస్ షేల్ మంచి అవకాశం ఇస్తుంది. ఆ రాతిపొర పెన్సిల్వేనియా నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోకి సాగుతుంది. మార్కెట్ ఒకటే, సరిహద్దు దగ్గర భూగర్భమూ దాదాపు ఒకటే. మారింది రాజకీయం.

పెన్సిల్వేనియా తవ్వకానికి తలుపులు తెరిచింది. 2012లో చేసిన 13వ చట్టం బావుల మీద రుసుము విధించి, రాబడిలో పెద్ద వాటా స్థానిక సంస్థలకు పంచింది. మొదటి విడతలోనే 20 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అదే చట్టం స్థానిక సంస్థల జోనింగ్ (భూవినియోగ) అధికారాన్ని కత్తిరించబోతే రాష్ట్ర సుప్రీంకోర్టు 2013 డిసెంబరులో ఆ భాగాలను కొట్టేసింది. అయినా తవ్వకం ఆగలేదు. పెన్సిల్వేనియా నేడు గ్యాస్ ఉత్పత్తిలో టెక్సస్ తర్వాతి స్థానంలో ఉంది.

న్యూయార్క్ 2008లో పర్యావరణ సమీక్షకు ఆదేశించింది. సమీక్ష ఆరేళ్లు సాగింది. నిషేధం లేదు, అనుమతీ లేదు. అక్కడ లీజులు కూడబెట్టుకున్న నార్స్ ఎనర్జీ 2012 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. డ్రైడెన్ పట్టణం జోనింగ్ నియమాలతో తవ్వకాన్ని నిషేధించడం చెల్లదంటూ సాగిన దావాను ఆ కంపెనీ నడిపింది. తీర్పు వచ్చేనాటికి కంపెనీ లేదు. అందుకే 2014 జూన్ నాటి తీర్పు వాలక్ వర్సెస్ డ్రైడెన్ అన్న పేరుతో, దివాలా ధర్మకర్త పేరుతో నిలిచిపోయింది. పట్టణమే గెలిచింది. ఆ డిసెంబరులో గవర్నర్ ఆండ్రూ క్యూమో ప్రభుత్వం ప్రజారోగ్య కారణాలతో రాష్ట్రమంతటా నిషేధం ప్రకటించింది.

తేదీల వరుస ఒక విషయం చెబుతోంది. నార్స్ ఎనర్జీ కుప్పకూలింది నిషేధానికి రెండేళ్ల ముందు. లీజులకు గడువు ఉంటుంది, అప్పులకు వడ్డీ ఉంటుంది, సమీక్షకు మాత్రం గడువు లేకపోయింది. 2008లోనే స్పష్టంగా వద్దని చెప్పి ఉంటే ఆ పెట్టుబడిలో కొంతైనా వేరే చోటికి వెళ్లేదని భావించవచ్చు. పడిపోతున్న గ్యాస్ ధర కూడా ఆ కంపెనీని కుంగదీసింది కాబట్టి తప్పంతా సమీక్షది అనడం తొందరపాటే.

ప్రభుత్వం వెంట ఉన్నా: ఇంగ్లండ్

ఇంగ్లండ్‌లో రాజకీయం మదుపరికి ఎదురుగా మొదలుకాలేదు. వరుస ప్రభుత్వాలు షేల్ గ్యాస్‌ను భుజాన వేసుకున్నాయి. 2011 ఏప్రిల్, మే నెలల్లో బ్లాక్‌పూల్ దగ్గర ప్రీస్ హాల్‌లో క్వాడ్రిల్లా కంపెనీ తవ్వుతుండగా 2.3, 1.5 తీవ్రతతో రెండు ప్రకంపనలు వచ్చాయి. పని ఆగింది. రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ సమీక్ష తర్వాత 2012 డిసెంబరులో మళ్లీ అనుమతి వచ్చింది, కాకపోతే ఒక షరతుతో. 0.5 తీవ్రత దాటితే పని ఆపి చూడాలి. మామూలుగా మనుషులకు తెలియని కదలిక అది.

లాంకషైర్ కౌంటీ కౌన్సిల్ 2015 జూన్‌లో ప్రెస్టన్ న్యూ రోడ్ దగ్గర తవ్వకానికి క్వాడ్రిల్లా పెట్టిన దరఖాస్తును తిరస్కరించింది. 2016 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వ మంత్రి ఆ నిర్ణయాన్ని తిరగరాశారు. 2018 అక్టోబరులో ఫ్రాకింగ్ మొదలైంది. 2019 ఆగస్టు 26న 2.9 తీవ్రతతో భూమి కదిలింది. నవంబరు 2న, సాధారణ ఎన్నికల ముంగిట, ప్రభుత్వం ఇంగ్లండ్ అంతటా తాత్కాలిక నిషేధం పెట్టింది.

దానికి కొద్ది రోజుల ముందు నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఇచ్చిన నివేదిక ఈ కథకు లెక్క కట్టింది. 2011 నుంచి ప్రభుత్వ సంస్థలు కనీసం 3.27 కోట్ల పౌండ్లు ఖర్చు పెట్టాయి. అందులో 1.34 కోట్లు నిరసనల దగ్గర పోలీసు బందోబస్తుకే అయ్యాయి. 2020 నాటికి 20 బావుల దాకా ఫ్రాక్ అవుతాయని 2016లో వేసుకున్న అంచనా కాస్తా మూడు దగ్గర ఆగింది. ప్రభుత్వ సర్వేల్లో ఫ్రాకింగ్‌ను వ్యతిరేకించేవారు 2013 చివర్లో 21 శాతం ఉంటే, 2019 మార్చికి 40 శాతానికి చేరారు.

2022లో ఊగిసలాట ఇంకా పెరిగింది. ఫిబ్రవరిలో క్వాడ్రిల్లా బావులను సిమెంటుతో పూడ్చమని నియంత్రణ సంస్థ ఆదేశించింది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మార్చిలో ఆ గడువును పొడిగించింది. సెప్టెంబరులో లిజ్ ట్రస్ ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. అక్టోబరులో రిషి సునాక్ మళ్లీ పెట్టారు. ఎనిమిది నెలల్లో నాలుగు మలుపులు. ఏ బ్యాంకూ అప్పు లెక్క వేయలేని పరిస్థితి ఇది.

ఇంగ్లండ్ అనుభవాన్ని అమెరికాలోని ఓక్లహోమాతో పోల్చి చూడాలి. అక్కడ చమురు, గ్యాస్ బావుల వ్యర్థ జలాన్ని లోతు పొరల్లోకి పంపడం వల్ల భూకంపాలు పెరిగాయి. 2009కి ముందు 3 లేదా అంతకు మించిన తీవ్రత ఉన్నవి ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి, 2015లో సుమారు 900 వచ్చాయి. 2016లో పానీ దగ్గర 5.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. తీవ్రతలో ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, ఆ లెక్కన లాంకషైర్ ప్రకంపన దీని ముందు ఏపాటిది? అయినా ఓక్లహోమాలో పరిశ్రమ ఆగలేదు. నియంత్రణ సంస్థ వ్యర్థ జలం పంపడాన్ని తగ్గించింది, ప్రకంపనలు తగ్గాయి. రెండు చోట్లా భౌతిక కారణం ఒకటి కాదన్న జాగ్రత్త అవసరమే: ఒకచోట ఫ్రాకింగ్, ఇంకోచోట వ్యర్థ జలం. కానీ పర్యావరణ సంఘటన పరిమాణానికీ, మదుపరి నష్టానికీ మధ్య నేరు సంబంధం లేదని ఈ పోలిక చూపుతుంది.

ఆ తేడాకు బలమైన వివరణ ఒకటుంది. అమెరికాలో భూమి కింది ఖనిజం చాలా చోట్ల భూయజమానిది. గ్యాస్ పడితే అతనికి రాయల్టీ వస్తుంది. బ్రిటన్‌లో గ్యాస్ రాజ్యానిది. 2015 మౌలిక వసతుల చట్టం 300 మీటర్ల లోతు దాటాక భూయజమాని సమ్మతి లేకుండానే తొలిచే హక్కు ఇచ్చింది. ఫ్రాక్ చేసిన స్థలానికి ఊరికి లక్ష పౌండ్లు, ఉత్పత్తి మొదలైతే రాబడిలో ఒక శాతం ఇస్తామని పరిశ్రమ చెప్పింది. లారీల చప్పుడు ఇంటి ముందు, లాభం ఎక్కడో అన్న భావనను అది తీర్చలేకపోయింది. ఖనిజ హక్కు ఒక్కటే కారణమని అనలేం. జనసాంద్రత, చమురుతో ఆ ప్రాంతానికి ఉన్న పాత అనుబంధం కూడా ముఖ్యమే.

ఎదురు ఉదాహరణలు: పోలండ్, అర్జెంటీనా

రాజకీయ మద్దతు ఉంటే పెట్టుబడి నిలుస్తుందన్న నమ్మకానికి పోలండ్ సరైన పరీక్ష. రష్యా గ్యాస్ మీద ఆధారపడటం ఇష్టం లేని వార్సా ప్రభుత్వం షేల్‌ను దేశ భద్రత విషయంగా చూసింది. 2011లో అమెరికా ఇంధన సమాచార విభాగం అక్కడ తీయగల గ్యాస్ 5.3 లక్షల కోట్ల ఘనపు మీటర్లని అంచనా వేసింది. 2012 మార్చిలో పోలండ్ భూగర్భ సంస్థ పాత బావుల సమాచారంతో లెక్కకట్టి, ఎక్కువ అవకాశం ఉన్న పరిధి 34,600 కోట్ల నుంచి 76,800 కోట్ల ఘనపు మీటర్లంది. మొదటి అంకెలో అది ఏడో వంతు నుంచి పదిహేనో వంతు. ఆ జూన్‌లోనే ఎక్సాన్ మొబిల్ రెండు బావులు తవ్వి వెళ్లిపోయింది. 2013లో మారథాన్, టాలిస్మన్, 2015 మొదట్లో షెవ్రాన్, జూన్‌లో కొనోకో ఫిలిప్స్ తప్పుకున్నాయి. పన్ను విధానం తేలడానికి ఏళ్లు పట్టడం, అన్వేషణలో రాజ్యానికి వాటా ఇవ్వాలన్న ప్రతిపాదన కంపెనీలను విసిగించిన మాట నిజం. అయినా డెబ్బై పైచిలుకు బావుల్లో గిట్టుబాటయ్యే ప్రవాహం దొరికి ఉంటే ఆ విసుగును భరించేవారనడానికి అర్జెంటీనా సాక్ష్యం.

2012లో అర్జెంటీనా ప్రభుత్వం ఆ దేశపు చమురు కంపెనీ వైపీఎఫ్‌లో స్పెయిన్ కంపెనీ రెప్సోల్ చేతిలో ఉన్న 51 శాతం వాటాను స్వాధీనం చేసుకుంది. మదుపరి పీడకలల్లో ఇంతకన్నా పెద్దది ఉండదు. అయినా 2013 జూలైలో, రెప్సోల్‌కు పరిహారం తేలకముందే, షెవ్రాన్ అదే వైపీఎఫ్‌తో 124 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. పటగోనియా ఉత్తర భాగాన ఉన్న వాకా మూర్తా రాతిపొర ఆకర్షణ అలాంటిది. ప్రభుత్వం కూడా ఊరికే రమ్మనలేదు. 100 కోట్ల డాలర్లు పెట్టినవారు ఐదేళ్ల తర్వాత ఉత్పత్తిలో 20 శాతం ఎగుమతి పన్ను లేకుండా అమ్ముకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. 2014లో రెప్సోల్‌కు 500 కోట్ల డాలర్ల బాండ్లు దక్కాయి. షెవ్రాన్ ఒప్పందంలోని రహస్య నిబంధనలు బయటపెట్టాలని 2015లో దేశ సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఈ రెండిటినీ కలిపి చదివితే తేలేది ఇంతే: కేంద్ర ప్రభుత్వం స్నేహం, శత్రుత్వం రెండూ భూగర్భం తర్వాతి మాటలు. రాయి మంచిదైతే మదుపరి రాజకీయ ప్రమాదానికి ధర అడుగుతాడు, ఆ ధర దక్కితే ఉంటాడు. రాయి మంచిది కాకపోతే ఏ స్నేహమూ నిలపలేదు.

రిలయన్స్ లెక్క

భారతీయ పాఠకులకు దగ్గరి ఉదాహరణ రిలయన్స్ ఇండస్ట్రీస్. కాకినాడకు ఎదురుగా సముద్రంలో డీ6 గ్యాస్ క్షేత్రం నడుపుతున్న ఈ కంపెనీ 2010లో అమెరికా షేల్‌లోకి దిగింది. ఏప్రిల్‌లో పెన్సిల్వేనియా మార్సెలస్‌లో అట్లాస్ ఎనర్జీతో 170 కోట్ల డాలర్లకు 40 శాతం వాటా తీసుకుంది. జూన్‌లో టెక్సస్ ఈగిల్ ఫోర్డ్‌లో పయొనీర్‌తో సుమారు 130 కోట్ల డాలర్ల ఒప్పందం, ఆగస్టులో మళ్లీ మార్సెలస్‌లో కారిజోతో 39.2 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. రెండు రాష్ట్రాలూ తవ్వకానికి అనుకూలమైనవే. నిషేధం భయం ఉన్న న్యూయార్క్‌ను ఈ ఒప్పందాలు తాకలేదు.

కారిజో భాగస్వామ్యంలోని ఆస్తులు 2017లో 12.6 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయాయి. అట్లాస్ ఒప్పందంలోని వాటా, అంటే అట్లాస్ కంపెనీని షెవ్రాన్ కొన్నాక షెవ్రాన్ నడిపిన ఆస్తి, 2021లో సుమారు 25 కోట్ల డాలర్లకు పోయింది. అదే ఏడాది ఈగిల్ ఫోర్డ్ కూడా అమ్మి రిలయన్స్ అమెరికా షేల్ నుంచి పూర్తిగా బయటపడింది. మధ్యలో వచ్చిన గ్యాస్ రాబడిని కలపకుండా కొన్న ధర, అమ్మిన ధర తీసేసి నష్టం చెప్పడం సరికాదు. కానీ విలువ ఎటు పోయిందన్నది స్పష్టమే. అమెరికా గ్యాస్ ధరలకు ప్రామాణికమైన హెన్రీ హబ్‌లో పది లక్షల బీటీయూల గ్యాస్ సగటు ధర 2008లో 8.86 డాలర్లు, రిలయన్స్ ప్రవేశించిన 2010లో 4.37, 2012లో 2.75, 2020లో 2.03. ఆస్ట్రేలియా గని కంపెనీ బీహెచ్‌పీదీ ఇదే దారి. 2011లో ఫయెట్‌విల్ షేల్‌ను 475 కోట్ల డాలర్లకు కొని, మరుసటి ఏడాదే 284 కోట్ల డాలర్ల విలువ తగ్గించి రాసుకుంది.

రాజకీయం అనుకూలించిన చోట అందరూ తవ్వారు. అందరూ తవ్వడం వల్లే ధర పడింది. అనుమతి దొరకని ప్రమాదం గురించి మదుపరులు ఎన్నో ప్రశ్నలు అడిగారు. అనుమతి అందరికీ దొరకడంలోని ప్రమాదం మీద అంతగా ఆలోచన సాగలేదు.

కృష్ణా-గోదావరికి వర్తించేది ఎంత?

2013 అక్టోబరులో కేంద్రం షేల్ విధానం ప్రకటించి ముందుగా ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు వారి పాత క్షేత్రాల్లో అన్వేషణకు అనుమతి ఇచ్చింది. ఖంభాత్, కావేరి, అస్సాంతో పాటు కృష్ణా-గోదావరి బేసిన్ కూడా అందులో ఉంది. అన్వేషణ జరిగింది గానీ షేల్ గ్యాస్ వాణిజ్య ఉత్పత్తి స్థాయికి రాలేదు. పోలండ్ పాఠం ఇక్కడా మొదటిదే: రాయి ఏం చెబుతుందో ముందు వినాలి.

ఒకవేళ రాయి అనుకూలించినా, ఇంగ్లండ్‌లో ఎదురైన చిక్కు ఇక్కడా ఉంది. ఖనిజం రాజ్యానిది. నేల మీది గ్యాస్ రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది, రైతుకు దక్కేది భూమి పరిహారమే. డెల్టా కమతాలు చిన్నవి, జనం కిక్కిరిసి ఉంటారు, సాగంతా కాలువ నీటి మీదే. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు రెండు నెలలకు పైగా ఎగసిన సంగతి కోనసీమ మరచిపోలేదు. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రెండూ షేల్‌కు సంబంధించినవి కావు. కానీ కొత్త బావికి ఊరి సమ్మతి అడిగేటప్పుడు జనం సాంకేతిక తేడాలు చూడరు, పాత అనుభవమే చూస్తారు.

పొరుగు రాష్ట్రంలో జరిగింది ఇంకా స్పష్టమైన సూచన. కావేరి డెల్టాలో మన్నార్‌గుడి బొగ్గుపొరల మీథేన్ పథకాన్ని 2013లో తమిళనాడు ప్రభుత్వం నిలిపేసింది. 2017లో నెడువాసల్ రైతులు హైడ్రోకార్బన్ పథకం మీద ఆందోళన చేశారు. 2020లో అక్కడి శాసనసభ డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, షేల్ గ్యాస్ సహా కొత్త అన్వేషణను నిషేధించింది. లైసెన్సు ఢిల్లీది, నేల చెన్నైది అన్న వాస్తవం ఏ ఒప్పందంలోనూ దాగదు.

2025లో పార్లమెంటు చమురు క్షేత్రాల చట్టాన్ని సవరించింది. షేల్ గ్యాస్‌ను ఖనిజ తైలాల నిర్వచనంలోకి తెచ్చి, లీజు షరతులకు స్థిరత్వం, వివాదాలకు మధ్యవర్తిత్వం కల్పించింది. కేంద్రం మాట మార్చే ప్రమాదానికి ఇది మందు. ఊరు ఒప్పుకోని ప్రమాదానికి ఇందులో మందు లేదు.

తేలింది ఏమిటి?

చూసిన ఉదాహరణలు కొన్నే. వాటి నుంచి సూత్రం తయారు చేయలేం. అయినా మూడు పరిశీలనలు నిలుస్తాయి. మొదటిది, పెట్టుబడుల విలువలో పెద్ద కోతలు వచ్చింది భూగర్భం, ధరల నుంచి. రాజకీయం ఎక్కువగా ఆట ఉంటుందా లేదా అన్నది తేల్చింది, ఉన్నచోట ఎంత దక్కుతుందన్నది తేల్చలేదు. రెండోది, పర్యావరణ సంఘటన నేరుగా డబ్బు నష్టంగా మారడం తక్కువ. స్థానిక సమ్మతి పోగొట్టడం ద్వారా మారుతుంది. అందుకే 5.8 తీవ్రత ఒకచోట నియంత్రణతో సరిపోతే, 2.9 తీవ్రత ఇంకోచోట పరిశ్రమనే ఆపేసింది. మూడోది, స్పష్టమైన నిషేధం కన్నా తేలని నిర్ణయం మదుపరిని ఎక్కువ కాలం, ఎక్కువ ఖర్చుతో కట్టిపడేస్తుంది. న్యూయార్క్ సమీక్ష, ఇంగ్లండ్ ఊగిసలాట దీనికి సాక్ష్యాలు.

మదుపరి అడగవలసిన ప్రశ్న కూడా దీనితో కొంచెం మారుతుంది. ప్రభుత్వం మాతో ఉందా అన్నది సులభమైన ప్రశ్న. దానికి సమాధానం ఎన్నికల మధ్య దొరుకుతుంది, ఎన్నికలతో మారుతుంది. బావి పక్కన బతికేవారికి ఆ బావి వల్ల ఏం దక్కుతుంది, ఏం పోతుంది, ఆ లెక్క వారికి ముందే తెలుసా అన్నది కష్టమైన ప్రశ్న. 2010లో వాటాదారులు కంపెనీలను అడిగిన కొలతలే, నీళ్లు, రసాయనాలు, వ్యర్థ జలం, ఊరి అభ్యంతరాలు, ఆ ఊరివాళ్లకు కూడా కావలసినవి. వాటాదారులకు ఇచ్చే నివేదికను ఊరి భాషలో, బావికి ముందే, ఊరికి కూడా ఇవ్వగల కంపెనీ రాజకీయ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించుకోలేకపోవచ్చు. కనీసం దాని పరిమాణం ఎంతో, డబ్బు పెట్టకముందే తెలుసుకుంటుంది.